మండ్యకూ కోలారుకూ నడుమ కాడుగోడి

బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్‌కు పడమటి కొస చల్లఘట్ట, తూర్పు కొస కాడుగోడి. రెండు కొసలూ కలుపుకుని 37 స్టేషన్లు, 43 కిలోమీటర్ల పైచిలుకు దారి. చల్లఘట్ట దాటి మైసూరు రోడ్డు పట్టుకుంటే బిడది, రామనగర, చన్నపట్న, మద్దూరు, మండ్య వరసగా వస్తాయి. చెరకు, వరి, రాగి పండించి పట్టుపురుగులు పెంచే వక్కలిగ రైతుల సీమ అది. కాడుగోడి దాటి తూర్పుకు పోతే హొసకోటె, మాలూరు, కోలారు, శ్రీనివాసపుర, ముళబాగిలు. ఆ వైపు చాలా పల్లెల్లో బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కర్ణాటకలో చెప్పుకోదగ్గ ప్రాంతీయ పార్టీగా మిగిలిన జేడీఎస్ 2024 లోక్‌సభ ఎన్నికల్లో గెలిచినవి రెండే స్థానాలు: పడమట మండ్య, తూర్పున కోలారు. ఆ రెంటి నడుమ ఉన్న మహానగరంలో 28 అసెంబ్లీ స్థానాలుంటే 2023లో ఆ పార్టీకి ఒక్కటీ దక్కలేదు. సొంత జనాన్ని నిలుపుకుంటూ కొత్త జనాన్ని కలుపుకోవడం ఒక పార్టీకి ఎందుకింత కష్టమవుతుందో ఈ దారిలో వెళ్తే కొంతైనా తెలుస్తుందనిపించి చల్లఘట్టలో రైలెక్కాను.

పొద్దున్నే బండి సగం ఖాళీగా ఉంది. పక్కన కూర్చున్న పెద్దాయన మద్దూరు దగ్గరి పల్లె రైతు. భుజాన రైతు సంఘం ఆకుపచ్చ తువ్వాలు, కాళ్ళ దగ్గర సంచిలో కొబ్బరికాయలు, అచ్చు బెల్లం. కూతురూ అల్లుడూ కాడుగోడి పక్కన ఒక అపార్ట్‌మెంటులో ఉంటారట, మనవణ్ణి చూడ్డానికి పోతున్నారు. నా కన్నడం వినగానే "రామారావు గారి రాష్ట్రమా మీది?" అని అడిగారు. రాజకీయాల మాట రావడానికి అంతకంటే ఏం కావాలి! ఆయన ఇంట్లో మొదటినుంచీ జేడీఎస్ అధినేత దేవేగౌడకే ఓటు. 2023లో మాత్రం ఇల్లు రెండుగా చీలింది. "శివకుమార్ కూడా మనవాడే కదా, ఈసారి ఆయన ముఖ్యమంత్రి అవుతాడేమో అని పిల్లలు కాంగ్రెస్‌కు వేశారు" అన్నారు. ఆ ఎన్నికల్లో రామనగరలో దేవేగౌడ మనవడు, కుమారస్వామి కొడుకు నిఖిల్ ఓడిపోయారు. మరుసటి ఏడాది నవంబరులో చన్నపట్న ఉప ఎన్నికలో, ఈసారి బీజేపీ అండ ఉండి కూడా, మళ్ళీ ఓడిపోయారు. కులమే పునాది అనుకున్న పార్టీకి అదే కులం నుంచి ఇంకో పెద్ద నాయకుడు ఎదురుపడితే ఏమవుతుందో ఆ రెండు ఫలితాలు చెప్పాయి.

బీజేపీతో పొత్తు సంగతి అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నాయండహళ్ళి దాటాక అన్నారు: "పైన చేతులు కలపడం ఒక్క రోజు పని. మా ఊళ్ళో సాయిబులు ఎన్నో ఏళ్ళు మాతో కలిసి జెండా మోశారు. ఎన్నికల నాడు వాళ్ళ మొహం చూసి ఏం చెప్పాలో మాకెవరూ చెప్పలేదు."

ఆయన మాట వెనక ఉన్న చరిత్ర ఇది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన దేవేగౌడ, మరుసటి ఏడాది వెనుకబడిన తరగతుల జాబితాలో 2బీ కింద ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ అమలు చేశారు. పాత మైసూరు ప్రాంతంలో వక్కలిగ రైతూ ముస్లిం చిన్న వ్యాపారీ ఒకే గుర్తుకు ఓటేసే అలవాటుకు అది బలమిచ్చింది. 2023 మార్చిలో బసవరాజ్ బొమ్మై నాయకత్వంలోని బీజేపీ ప్రభుత్వం ఆ 4 శాతం తీసేసి వక్కలిగలకు 2, లింగాయతులకు 2 చొప్పున పంచుతామంది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళి అమలు ఆగిపోయింది. ఆరు నెలలు తిరక్కముందే, సెప్టెంబరు 22న, జేడీఎస్ ఎన్డీయేలో చేరింది. పొత్తు వద్దన్న రాష్ట్ర అధ్యక్షుడు సి.ఎం.ఇబ్రహీంను పార్టీ నుంచి పంపేశారు. ఒక వర్గానికి మేలు జరుగుతుందన్న నిర్ణయం ఇంకో వర్గం నోటి దగ్గరి కూడు లాక్కునేదైతే, ఇద్దరి ఓట్లూ తీసుకున్న పార్టీ ఇద్దరి ముందూ నిలబడి మాట్లాడాలి. జేడీఎస్ మాట్లాడలేదు, పొత్తు కుదుర్చుకుంది. ఆ పొత్తు వల్ల 2024లో కుమారస్వామి మండ్యలో రెండు లక్షల ఎనభై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచి కేంద్ర మంత్రి అయ్యారు. పార్టీ పాత కోట హాసన్ మాత్రం చేజారింది.

మెజెస్టిక్‌లో జనం తోసుకుంటూ ఎక్కారు. భూగర్భంలో మరి ఒక్క స్టేషన్ దాటితే విధానసౌధ. పైన ఆ భవనం మెట్ల మీదే 2018 మే 23న కుమారస్వామి రెండోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. చంద్రబాబు నాయుడు, మమతా బెనర్జీ, మాయావతి, సోనియా, రాహుల్ ఒకే వేదిక మీద చేతులెత్తి నిలబడ్డ ఆ రోజు తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 224 మంది సభలో ముఖ్యమంత్రి పార్టీ బలం 37. పద్నాలుగు నెలలకు ప్రభుత్వం కూలింది. అంతకుముందు, 2006లో, ఇదే పార్టీ బీజేపీతో కలిసి చెరో ఇరవై నెలల ఒప్పందం మీద అధికారంలోకి వచ్చి, తన వంతు అయిపోయాక కుర్చీ అప్పగించక మాట పోగొట్టుకుంది. 2004లో 58 ఉన్న బలం 2008లో 28కి పడింది. 2013లో 40, 2018లో 37, 2023లో 19.

ఈ పార్టీ వంశం మాత్రం ఇరుకుది కాదు. 1983 జనవరి 9న హైదరాబాదులో ఎన్టీఆర్ ప్రమాణం చేస్తే, ఆ మర్నాడే బెంగళూరులో జనతా పార్టీ తరఫున రామకృష్ణ హెగ్డే ప్రమాణం చేశారు. కర్ణాటకలో అది తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం. హెగ్డే బ్రాహ్మణుడు, ఎస్.ఆర్.బొమ్మై లింగాయతు, దేవేగౌడ వక్కలిగ, అబ్దుల్ నజీర్ సాబ్ ముస్లిం. గ్రామీణాభివృద్ధి మంత్రిగా నజీర్ సాబ్ కరువు పల్లెల్లో తవ్వించిన బోరుబావులు చూసి జనం ఆయన్ను 'నీర్ సాబ్' అని పిలుచుకున్నారు. 1987లో కొత్త పంచాయతీరాజ్ చట్టం కింద ఎన్నికలు జరిగినప్పుడు మహిళలకు 25 శాతం స్థానాలు కేటాయించారు. అదే ఏడాది మన దగ్గర ఎన్టీఆర్ మండల పరిషత్తులకు ఎన్నికలు జరిపి వెనుకబడిన తరగతులకు చోటిచ్చారు. రెండు పార్టీలూ అప్పట్లో తమ నేల దాటి పక్క జనాన్ని గెలుచుకున్నది బోరు నీళ్ళతో, కిలో రెండు రూపాయల బియ్యంతో, స్థానిక సంస్థల్లో ఇచ్చిన కుర్చీలతో. ఆ విషయం మనం మరిచిపోకూడదు.

తర్వాత ఇల్లు ఖాళీ అవుతూ వచ్చింది. 1996లో దేవేగౌడ ప్రధాని అయిన కొద్దిరోజులకే హెగ్డేను బహిష్కరించారు. ఆయన లోక్‌శక్తి పెట్టి 1998లో బీజేపీతో కలిశారు. ఉత్తర కర్ణాటక లింగాయతులు ఆ దారినే క్రమంగా బీజేపీకి చేరారు. 1999లో జనతాదళ్ చీలి జేడీఎస్ ఏర్పడింది. 2005లో సిద్ధరామయ్యను పంపేశారు. కురుబలు, ఇతర వెనుకబడిన వర్గాలు ఆయన వెంట కాంగ్రెస్‌కు నడిచాయి. వెళ్ళిన ప్రతి నాయకుడి వెనకా ఒక జనసమూహం వెళ్ళింది. చివరికి ఒక కులం, ఒక కుటుంబం మిగిలాయి.

రైలు బయ్యప్పనహళ్ళి దాటి కె.ఆర్.పుర చేరేసరికి ఎక్కేవాళ్ళ భాష మారింది. మెళ్ళో గుర్తింపు కార్డులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నోట్లో తెలుగు. గుంటూరు యాస ఒకవైపు, కడప యాస ఇంకోవైపు. గరుడాచార్‌పాళ్య, హూడి, కుందలహళ్ళి, నల్లూరహళ్ళి... కె.ఆర్.పుర నుంచి కాడుగోడి దాకా ఈ ముక్క 2023 మార్చి 25న మొదలైంది, నడుమ తెగి ఉన్న చిన్న ముక్కను ఆ అక్టోబరులో కలిపారు. ఒక సంగతి ఈ బండిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. బెంగళూరు మెట్రోకు 2006 జూన్ 24న ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేసిన రోజు ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది కుమారస్వామి. నగరం గురించి చెప్పుకోవడానికి అంత పని ఉండి కూడా ఆ పార్టీ గట్టిగా చెప్పుకోలేదు. ఐటీ జనానికి గుర్తున్నది వేరే: 2005లో ఇన్ఫోసిస్ భూముల మీద దేవేగౌడ విమర్శలు, ఆ తర్వాత నారాయణమూర్తి విమానాశ్రయ సంస్థ ఛైర్మన్ పదవి వదులుకోవడం. రైతు భూమి గురించి అడగడం తప్పు కాదు, ఆ ప్రశ్న ఎవరో ఒకరు వేయాల్సిందే. కానీ ఆ ప్రశ్నతో పాటు ఆ కంపెనీల్లో జీతానికి పనిచేసే లక్షల మందితోనూ ఒక మాట మాట్లాడి ఉండాల్సింది.

కాడుగోడిలో దిగాను. మెట్రో స్టేషన్, రైల్వే స్టేషన్, బీఎంటీసీ బస్ స్టాండ్ దగ్గర దగ్గరగా ఉంటాయి. రైల్వే స్టేషన్ బోర్డు మీద వైట్‌ఫీల్డ్ అని ఉన్నా ఊరు కాడుగోడి. బంగారుపేట, మాలూరు, కుప్పం వైపు నుంచి వచ్చే బళ్ళు ఇక్కడ ఆగగానే టిఫిన్ క్యారియర్లు పట్టుకున్న జనం దిగి నడుస్తారు. పడమటి నుంచి మెట్రోలో వచ్చినవాళ్ళూ తూర్పు నుంచి రైల్లో వచ్చినవాళ్ళూ ఈ రోడ్డు మీద కలుస్తారు. పక్కనే పుట్టపర్తి సత్యసాయిబాబా వేసవుల్లో ఉంటూ వచ్చిన బృందావనం ఆశ్రమం. ఆ గేటు ముందు పూలమ్మే వాళ్ళతో కన్నడం కన్నా తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. బేలత్తూరు వైపు తిరిగితే ఎత్తైన అపార్ట్‌మెంట్లు, వాటి వెనక వాటిని కట్టిన కూలీల రేకుల షెడ్లు. రోడ్డు పొడవునా నీళ్ళ ట్యాంకర్లు.

ఇది మహదేవపుర నియోజకవర్గం, షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు. ఆరు లక్షలకు పైగా ఓటర్లు. 2008 నుంచీ ఇక్కడ బీజేపీదే గెలుపు: మూడుసార్లు అరవింద్ లింబావళి, 2023లో ఆయన భార్య మంజుల. 2024లో బెంగళూరు సెంట్రల్ లోక్‌సభ స్థానం మొత్తం మీద బీజేపీ ఆధిక్యం సుమారు 32 వేలైతే, ఈ ఒక్క సెగ్మెంటులోనే లక్షా పద్నాలుగు వేలు. మరుసటి ఏడాది ఆగస్టులో రాహుల్ గాంధీ ఇక్కడి ఓటర్ల జాబితాలో అక్రమాలు జరిగాయని ఆరోపించడం, ఎన్నికల సంఘం తోసిపుచ్చడంతో మహదేవపుర పేరు దేశమంతా మోగింది. ఆ గొడవలో జేడీఎస్ ఊసు ఎక్కడా లేదు.

ఆకుకూరలు, టమాటాలు అమ్ముతున్న ఆవిడది శ్రీనివాసపుర పక్క పల్లె. నా తెలుగు విని ముఖం విప్పారింది. "మా ఊర్లో వరిమోపు మోసే ఆడమనిషి గుర్తుకే ఏస్తాము సామీ. రెడ్డి కష్టసుఖాలకు వస్తాడు. ఈడికి వచ్చినాక ఆ గుర్తు యాడా కనపడలే" అంది. 2023లో శ్రీనివాసపురలో జి.కె.వెంకటశివారెడ్డి, ముళబాగిలులో సమృద్ధి మంజునాథ్ ఆ జేడీఎస్ గుర్తు మీదే గెలిచారు. రెండూ తెలుగు బాగా వినిపించే చోట్లే. ముళబాగిలు రిజర్వుడు స్థానం కూడా. అంటే వక్కలిగ సీమకు బయట, తెలుగు మాట్లాడే జనంలో, దళితుల్లో ఈ పార్టీ గెలవగలదు. మనిషి అందుబాటులో ఉంటే చాలు, జనం కులం అడగడం లేదు. శ్రీనివాసపుర నుంచి కాడుగోడికి రెండు గంటల దారి. ఆవిడ వచ్చింది, ఆవిడ పార్టీ రాలేదు.

రేకుల షెడ్ల దగ్గర మక్తల్ నుంచి వచ్చిన మేస్త్రీ ఒకతను టీ తాగుతున్నాడు. "మా ఓట్లు ఊర్లనే ఉన్నయ్ సార్. ఈడ మమ్ముల్ని అడిగెటోడు లేడు" అన్నాడు. గుంటూరు వైపు అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 2024 మే 13న ఓటెయ్యడానికి బస్సు దొరక్క జనరల్ బోగీలో నిలబడి ఊరెళ్ళిన వైనం ఉత్సాహంగా చెప్పింది. "మరి ఇక్కడ?" అంటే, "ఇక్కడ నీళ్ళ ట్యాంకరుకు డబ్బులు కడతామండీ. ఎవర్ని అడగాలో తెలీదు" అంది. అడగడానికి నిజంగానే ఎవరూ లేరు. బీబీఎంపీ పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరింది. 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టి కాడుగోడిని బెంగళూరు తూర్పులో కలిపారు. నేను వెళ్ళేనాటికి కార్పొరేటర్ల ఎన్నిక జరగలేదు.

మద్దూరు పెద్దాయన మళ్ళీ బస్ స్టాండ్ దగ్గర కనిపించారు, అల్లుడి కోసం ఎదురుచూస్తూ. కూతురి అపార్ట్‌మెంటులో రోజుకు రెండు పూటలే నీళ్ళు వదులుతారని చెప్పి, "మా కాలువకూ వారబందీనే, మా అమ్మాయి కుళాయికీ వారబందీనే" అన్నారు. ఈ ప్రయాణంలో నేను విన్న రాజకీయ మాటల్లో అంతకు మించింది లేదు.

2023లో వానలు లేక కావేరి ఆయకట్టు ఎండింది. తమిళనాడుకు నీళ్ళు వదలొద్దంటూ మండ్యలో రైతులు రోడ్డెక్కారు, సెప్టెంబరులో బంద్‌లు జరిగాయి. మరుసటి వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండి వైట్‌ఫీల్డ్ చుట్టూ ట్యాంకర్ల కోసం జనం వరస కట్టారు. 2024 అక్టోబరు 16న కావేరి ఐదో దశ ప్రారంభమైంది. 2007లో నగరంలో కలిసిన 110 ఊళ్ళ కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? మండ్య జిల్లా మళవళ్ళి తాలూకా టి.కె.హళ్ళి పంపుహౌస్ నుంచి. నగరం వాడేసిన నీళ్ళలో ఒక భాగం ఎక్కడికి పోతుంది? కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద శుద్ధి అయి కోలారు చెరువులకు. (ఈ చల్లఘట్ట నగరానికి తూర్పున ఉన్న లోయ, మెట్రో చల్లఘట్ట కాదు.) రోజుకు 44 కోట్ల లీటర్ల లక్ష్యంతో 2018 జూన్‌లో, కుమారస్వామి ముఖ్యమంత్రి అయిన కొత్తలోనే ఆ నీళ్ళు కదిలాయి. రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కూడా చెయ్యాలని కోలారు రైతులు అడుగుతూనే ఉన్నారు.

నీళ్ళు మండ్యలో బయల్దేరి, బెంగళూరు గుండా పోయి, కోలారులో తేలుతున్నాయి. జేడీఎస్ గెలిచిన రెండు లోక్‌సభ స్థానాలూ ఈ నీటిదారికి మొదలూ చివరా. ఇంతకన్నా అనువైన చోటు ఏ ప్రాంతీయ పార్టీకి దొరుకుతుంది? కాడుగోడి చెరువుల పూడిక తీసి నింపితే, అపార్ట్‌మెంట్ల నీళ్ళు అక్కడికక్కడే శుద్ధి చేసి మళ్ళీ వాడిస్తే, కావేరి మీద నగరం బరువు తగ్గుతుంది, మండ్య కాలువకు భరోసా వస్తుంది. మూడో దశ శుద్ధి చేస్తే కోలారు టమాటా రైతుకు భయం పోతుంది. రైతుకు మేలు చేసే ఆ పనే నగరవాసికీ మేలు. పునాది జనం, కొత్త జనం వేరు వేరు అనుకోవడమే ఈ పార్టీ చేస్తున్న పెద్ద పొరపాటని నాకు గట్టిగా అనిపించింది.

పొత్తులు పనికిరావని నేననను. పొత్తు లేకపోతే కుమారస్వామికి ఉక్కు శాఖ లేదు. 2025 జనవరిలో విశాఖ ఉక్కుకు కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు, తన పార్టీకి ఓటేసే వీలే లేని మన రాష్ట్రంలో ఆయన పేరు మంచిగా వినిపించింది. బయటి జనానికి దగ్గర చేసింది అక్కడ కూడా పనే. 2015 బీబీఎంపీ ఎన్నికల్లో 198 వార్డులకు 14 గెలిచిన ఈ పార్టీ, కాంగ్రెస్‌తో కలిసి పాలనలో భాగం పంచుకుని ఉప మేయర్ పదవి తీసుకుంది. ఆ ఐదేళ్ళలో నగరానికి తనదంటూ ఒక్క పనీ మిగిల్చుకోలేకపోయింది. పదవి వచ్చింది, జనం రాలేదు.

మన దగ్గరా ఇదే జరిగింది. 2022 అక్టోబరు 5న హైదరాబాదు తెలంగాణ భవన్‌లో టీఆర్‌ఎస్ పేరును బీఆర్‌ఎస్‌గా మార్చినప్పుడు కుమారస్వామి అక్కడే ఉన్నారు. పేరులోంచి తెలంగాణ తీసేస్తే దేశం దగ్గరవుతుందనుకున్నారు. ఏడు నెలలకు కర్ణాటక ఎన్నికలొస్తే ఆ పార్టీ పోటీయే చేయలేదు. బెంగళూరు కట్టే పాలమూరు కూలీని అది ఇక్కడికొచ్చి పలకరించలేదు. 2023 డిసెంబరులో సొంత రాష్ట్రంలో బలం 88 నుంచి 39కి దిగింది, 2024 లోక్‌సభలో సున్నా. సొంతవాళ్ళకు దూరమైంది, కొత్తవాళ్ళు రాలేదు.

కాడుగోడిలో ఉంటున్న తెలుగువారికి నాదొక విన్నపం. ఊళ్ళో ఓటు మీద మమకారం నాకు అర్థమవుతుంది. కానీ ఏళ్ళ తరబడి ఇక్కడే అద్దె కట్టి, ఇక్కడే పిల్లల్ని బడికి పంపి, ఇక్కడే ట్యాంకరు నీళ్ళు కొనేవారు ఇక్కడి ఓటర్ల జాబితాలో లేకపోతే ఏ పార్టీ మీ గడప తొక్కదు. ఒకచోటే ఓటు ఉండాలి కాబట్టి, మీ బతుకు ఎక్కడో అక్కడికే మార్పించుకోండి. వార్డు ఎన్నికలు వచ్చిన రోజున తలుపు తట్టినవాళ్ళు ఏ జెండా వాళ్ళైనా సరే, మొదట నీళ్ళ గురించి అడగండి. వరిమోపు గుర్తువాళ్ళు వస్తే, మండ్య రైతునూ వెంట తీసుకుని రమ్మనండి.